నిత్యజీవితములో అర్థశాస్త్రము: మన మూడు ఊళ్లు నేర్పు పాఠములు

అర్థశాస్త్రమనగానే మన విద్యార్థులలో పలువురికి జంకు కలుగును. "ధర పెరిగిన డిమాండు తగ్గును, ధర తగ్గిన డిమాండు పెరుగును" అను సూత్రమును కంఠస్థము చేయుదురు. ఎందుకట్లు జరుగునని అడిగినచో తల వంచుకొందురు. ఆ విద్యార్థియే సాయంకాలము అంగడికి పోయి, టమాటా ధర విని, "రెండు కిలోలు వద్దు, అర కిలో చాలు" అని కొని తెచ్చును. ఉదయము తాను అప్పజెప్పలేకపోయిన సూత్రమును సాయంకాలము తానే ఆచరించితినని అతనికి తోచదు. తరగతి గదికిని అంగడికిని నడుమ ఏర్పడిన ఈ అగాధమును పూడ్చుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఈ శాస్త్రమునకు గల పేర్లను కొంచెము పరిశీలింతము. ఎకనామిక్స్ అను మాట గృహనిర్వహణమని అర్థమిచ్చు గ్రీకు పదము నుండి పుట్టినది. ఉర్దూలో దీనిని మఆషియాత్ అందుము. మఆష్ అనగా జీవనోపాధి. తెలుగులో అర్థమనగా ధనము, అర్థమనగా భావము కూడ. ఇల్లు, బ్రతుకు, ధనము, భావము అను నాలుగును కలిసిన చోటనే ఈ శాస్త్రము కలదు. మహాకవి ఇక్బాల్ ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో "ఇల్ముల్ ఇక్తిసాద్" అను అర్థశాస్త్ర గ్రంథమును ఉర్దూలో రచించెను. తెలుగున కట్టమంచి రామలింగారెడ్డి గారు "భారత అర్థశాస్త్రము" వ్రాసిరి. ఇరువురును కవులే. ఈ శాస్త్రమును మన భాషలలో హాయిగా చెప్పుకొనవచ్చునని వారు ఏనాడో నిరూపించిరి. మనము చేయవలసినదల్లా ఆ మాటలను మన వీధిలోనికి తెచ్చుకొనుటయే.

ఒక రూపాయి, రెండు కోరికలు

లయొనెల్ రాబిన్స్ 1932లో ఈ శాస్త్రమునకొక నిర్వచనము ఇచ్చెను. మనుజుని కోరికలు అనేకములు. వానిని తీర్చు సాధనములు కొరత. ఆ సాధనములకు అనేక ఉపయోగములు కలవు. కావున ఎంపిక తప్పదు. ఒక సాధనమును ఒక పనికి వినియోగించినపుడు చేజారిన మరియొక మంచి అవకాశమే దాని నిజమైన వెల. దీనినే అవకాశ వ్యయమందురు.

హిందూపురమునకు సమీపమున ఉన్న లేపాక్షి ఆలయమును గూర్చి ఒక జనశ్రుతి కలదు. విజయనగర రాజుల కోశాధికారియైన విరుపణ్ణ రాజధనమును వెచ్చించి ఆ ఆలయమును కట్టించెనట. అందుకు రాజు ఆగ్రహించెనట. ఆ కథలోని సత్యాసత్యములను చరిత్రకారులు విచారింతురు గాక. అర్థశాస్త్ర విద్యార్థికి మాత్రము అందులో ఒక ప్రశ్న కనిపించును: కోశములోని ఒకే వరహా శిల్పికి కూలి కాగలదు, సైనికునికి జీతము కాగలదు, రెండును ఒక్కసారిగా కాజాలదు.

రాజుల కథ అట్లుండనిండు. మన కళాశాల కథ చూతము. ధర్మవరం నేత కుటుంబము నుండి ఒక విద్యార్థి డిగ్రీ చదువునకు వచ్చుచున్నాడనుకొందము. అతని చదువునకు ఎంత ఖర్చగునని అడిగిన ఫీజు, పుస్తకములు, బస్సు పాసు అని లెక్క చెప్పుదుము. కాని అతడు మగ్గము వద్ద ఉండినచో దినమునకు 300 రూపాయలు సంపాదించునని అనుకొన్నచో, నెలకు 25 దినముల వంతున 7,500 రూపాయలు, పది నెలలకు 75,000 రూపాయలు అగును. ఆ యింటివారు చదువునకై చెల్లించు అతి పెద్ద మూల్యము ఇదియే. ఇది ఏ రసీదులోను కనపడదు. కనుకనే ఫీజు లేని చదువు సైతము పేద ఇంటికి ఉచితము కాదు. మధ్యలో చదువు మానిన పిల్లవానిని సోమరియని నిందించుటకు ముందు ఈ లెక్కను వేయవలసి యున్నదని విద్యార్థులకే కాక కళాశాల సంఘ సభ్యులైన పెద్దలకును మనవి చేయుచున్నాము. ఉపకార వేతనము ఫీజునకు సరిపోయినంత మాత్రమున చాలదు. అది కోల్పోయిన కూలిలో కొంత భాగమునైనను పూరింపవలెను.

ఇఫ్తారు వేళ మొదటి గుటక

రంజాను మాసమున వేసవి వచ్చినచో ఉపవాసము విడుచు వేళ మొదటి గుటక నీటి విలువ ఎంతటిదో చెప్పనలవి కాదు. మొదటి గ్లాసు అమృతము. రెండవది హాయి. మూడవది చాలుననిపించును. నాలుగవ గ్లాసును ఎవరైన బలవంతపెట్టిన కోపము వచ్చును. నీరు అదియే, గ్లాసు అదియే. తృప్తి మాత్రము క్రమక్రమముగా తగ్గినది. దీనినే క్షీణోపాంత ప్రయోజన సూత్రమని గ్రంథములు పేర్కొనును. పేరు కఠినమే కాని అనుభవము సులభము. సంక్రాంతినాటి అరిసెలకును, పండుగనాటి షీర్ ఖుర్మాకును ఇదియే సూత్రము వర్తించును.

1776లో ఆడం స్మిత్ ఒక చిక్కుముడి వేసెను. నీరు లేక ప్రాణము నిలువదు, అయినను దాని ధర స్వల్పము. వజ్రము లేకున్నను బ్రతుకు సాగును, దాని ధర అపారము. ఏల? ఈ ముడిని 1870 దశకములో జెవన్స్, మెంగర్, వాల్రాస్ అను వారు వేరువేరుగా విప్పిరి. ధరను నిర్ణయించునది వస్తువు యొక్క మొత్తము ఉపయోగము కాదు, చివరి బిందె యొక్క ఉపయోగము. ఈ వివరణమును మన ప్రాంతపు విద్యార్థికి ప్రత్యేకముగా బోధింప నక్కరలేదు. వర్షము తక్కువైన ఈ సీమలో చెరువు నిండిన ఏడు బిందె నీటికి ధర లేదు. బోర్లు ఎండిన ఏడు అదే నీటికై ట్యాంకరు చుట్టు బిందెలు బారులు తీరును. నీటి గుణము మారలేదు. చివరి బిందె విలువ మారినది.

హిందూపురము: చింతపండు, పట్టుగూళ్లు

హిందూపురం మార్కెట్టు చింతపండునకు పేరు గాంచినది. ఇచ్చటనే ప్రభుత్వ పట్టుగూళ్ల మార్కెట్టు కూడ కలదు. ఒకే ఊరిలోని ఈ రెండు సరకులను ప్రక్క ప్రక్కన పెట్టి చూచినచో సప్లయి సిద్ధాంతములో సగము బోధపడును.

చింతపండు దిగుబడి సంవత్సరములో కొన్ని నెలలే. చారునకు, పులుసునకు అది ఏడాది పొడవునను కావలెను. కావున ఎవరో ఒకరు దానిని దాచవలెను. దాచుటకు శీతల గిడ్డంగులు కలవు. ఒక రైతు వద్ద క్వింటాలు చింతపండున్నదనియు, నేటి ధర 10,000 రూపాయలనియు లెక్క కొరకు అనుకొందము. ఇప్పుడే అమ్మవలెనా, ఆరు నెలలు ఆగవలెనా? చేతిలో డబ్బు లేనివాడు ఆగుటకు ఆ పదివేలు అప్పు తేవలెను. మన పల్లెలలో "రెండు రూపాయల వడ్డీ" అందురు. అనగా నూటికి నెలకు రెండు రూపాయలు. సంవత్సరమునకు నూటికి ఇరువది నాలుగు! ఆరు నెలలకు వడ్డీ 1,200 రూపాయలు. గిడ్డంగి అద్దె 150 రూపాయలు అనుకొందము. మొత్తము 11,350 రూపాయలు. తరుగు రెండు కిలోలు పోగా మిగులునది 98 కిలోలే. కనుక ఆరు నెలల తరువాత క్వింటాలు ధర సుమారు 11,582 రూపాయలు దాటిననే రైతునకు లాభము. లోపున ఉన్నచో ఆగినందులకు నష్టమే. "ధర పెరిగినది కదా, లాభమే" అని తొందరపడువారు ఈ లెక్కను కాగితముపై వేసి చూడవలెను. స్వంత సొమ్ము గలవానికి వడ్డీ ఖర్చు లేదని కొందరందురు. అదియు సరికాదు, ఆ సొమ్ము ఇతరత్ర తెచ్చి యుండెడి రాబడి అతనికి అవకాశ వ్యయము.

ఇక పట్టుగూడు సంగతి. పట్టుపురుగు సుమారు నాలుగు వారములు మల్బరీ ఆకు తిని గూడు కట్టును. ఆ గూటిని కొలది దినములలో అమ్మి, వేడి తగిలించి, లోపలి ప్యూపాను చంపనిచో అది రెక్కల పురుగై గూటిని తొలుచుకొని వెలుపలికి వచ్చును, దారము తెగిపోవును, గూడు విలువ పడిపోవును. చింతపండు వలె ఆరు నెలలు దాచుటకు వీలు లేదు. వేలములో ధర తక్కువ పలికినను రైతు ఆ గూళ్లను మరల ఇంటికి మోసికొని పోవుట కష్టము. అతనికి ఉన్న మార్గమొక్కటే: వేరొక మార్కెట్టు. కర్ణాటకలోని రామనగరం పట్టుగూళ్ల మార్కెట్టులో ధర అధికముగా ఉన్నచో, ప్రయాణపు ఖర్చు పోను మిగులునా లేదా అని చూచుకొని రైతులు అక్కడికి పోవుట కలదు. అట్లు పోవువారి సంఖ్య పెరిగినచో ఇచ్చట గూళ్లు తగ్గి ధర లేచును, అచ్చట గూళ్లు పెరిగి ధర దిగును. ఏ అధికారియు ఆజ్ఞ ఇయ్యకుండగనే రెండు ఊళ్ల ధరలు దగ్గర పడును.

ధరను నిర్ణయించునది డిమాండా, సప్లయియా అను వాదమునకు ఆల్ఫ్రెడ్ మార్షల్ 1890లో ఇచ్చిన సమాధానము ప్రసిద్ధము. కత్తెర కాగితమును కత్తిరించునపుడు పై అలుగు కోసినదా, క్రింది అలుగు కోసినదా అని అడుగుట వ్యర్థమనెను. అయితే కాలవ్యవధి ఎంత స్వల్పమో డిమాండు ప్రభావము అంత అధికమనియు చెప్పెను. పట్టుగూడు అమ్మువానికి వ్యవధి దినములు. చింతపండు అమ్మువానికి వ్యవధి నెలలు. బేరములో ఎవరి గొంతు ఎంత గట్టిదో ఆ వ్యవధియే చెప్పును.

ధర్మవరము: లెక్కకు రాని చేతులు

శ్రమ విభజన అనగానే ఆడం స్మిత్ గుండుసూదుల కర్మాగారము పాఠములలో కనిపించును. పదిమంది పని పంచుకొని దినమునకు 48,000 సూదులు చేయుదురని, ఒంటరిగా చేసిన ఒకడు ఇరువదియైనను చేయలేడని అతడు వ్రాసెను. ఆయనకు సుమారు నాలుగు శతాబ్దములు పూర్వమే, 1377 ప్రాంతమున, ఇబ్న్ ఖల్దూన్ తన "ముఖద్దిమా"లో ఇదే విషయమును గోధుమ గింజతో వివరించెను. కమ్మరి, వడ్రంగి, దున్నువాడు, కోయువాడు కలిసిననే అన్నము లభించును. అట్లు కలిసినపుడు వారి అవసరమునకు మించిన ధాన్యము కూడ పండునని ఆయన భావము.

మనకు ధర్మవరం పట్టుచీర చాలును. పట్టుదారమునకు పురి పెట్టువారు ఒకరు, రంగు అద్దువారు ఒకరు, పడుగు సిద్ధము చేయువారు ఒకరు, పాత పడుగు కొసకు క్రొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతుకువారు ఒకరు, డిజైను గీయువారు ఒకరు, జాకార్డు అట్టలు కొట్టువారు ఒకరు, కండెలు చుట్టువారు ఒకరు, తుదకు మగ్గమున కూర్చుండి నేయువారు ఒకరు. పెండ్లిలో ఒక చీర కట్టుకొన్న వధువు భుజముపై ఇందరి చేతుల పని ఉన్నది.

ఇందులో ఒక చిన్న లెక్క కలదు. అది విద్యార్థులు తమ ఇండ్లలోనే వేయదగినది. ఒక చీర నేయుటకు అయిదు దినములు పట్టుననియు, మజూరి 3,000 రూపాయలనియు అనుకొందము. "దినమునకు ఆరు వందలు, బాగుగనే ఉన్నది" అందుము. కాని మగ్గమున కూర్చున్నది భర్త. కండెలు చుట్టినది, పోగులు సవరించినది భార్య. ఇద్దరి శ్రమకు పంచినచో తలకు 300 రూపాయలు. బడి నుండి వచ్చిన పిల్లలు రాట్నము త్రిప్పిన గంటలను, మగ్గపు గుంటలో నీరు చేరిన వానకాలపు దినములను, పడుగు అతికించుచుండగా నిలిచిపోయిన దినములను కూడ కలిపినచో కూలి మరింత తగ్గును. మజూరి పెరిగెనా తగ్గెనా అను వాదమునకు ముందు, ఎందరి శ్రమకు మజూరి అని అడుగవలెను. తన శ్రమను తాను లెక్కింపని ఇల్లు బేరములో మొదటనే ఓడిపోవును.

ఇంటి స్త్రీల శ్రమ లెక్కకు రాకపోవుట మన ఊరి దోషము మాత్రమే కాదు, జాతీయాదాయ గణనలోని లోపము కూడ. ఆర్థికవేత్త పిగూ దీనిని వినోదముగా చూపెను. ఒక గృహస్థు జీతమిచ్చి పెట్టుకొన్న పనిమనిషిని వివాహమాడినచో దేశ ఆదాయము తగ్గిపోవును! ఆమె చేయు వంట అదియే, ఊడ్చు ఇల్లు అదియే. జీతము లేదు కనుక గణనలో పని లేదు. నవ్వుకొన్న తరువాత ఆలోచింపవలసిన మాట ఇది.

నేత కుటుంబములకు గల మరియొక కష్టము గుర్తింపునకు సంబంధించినది. 1985 నాటి చట్టము కొన్ని వస్త్రముల ఉత్పత్తిని చేమగ్గములకు ప్రత్యేకించినది. అందులో చీర యొకటి. అయినను మరమగ్గముపై అదే డిజైను నేసి చేనేతయని అమ్మినచో కొనువారికి భేదము తెలియదు. 1970లో జార్జి అకర్లాఫ్ పాత కార్ల బజారును ఉదాహరణగా తీసికొని ఈ సమస్యను వివరించెను. ఏ కారు మంచిదో కొనువాడు గుర్తింపలేనపుడు అన్నిటికిని ఒక మధ్యస్థపు ధరయే ఇచ్చును. ఆ ధరకు మంచి కారు గలవాడు అమ్మడు. బజారులో చెడ్డ కార్లే మిగులును. కారు స్థానమున చీరను ఉంచిన చాలును. గుర్తింపు లేనపుడు అసలు నేతగాడు నకిలీ ధరకు అమ్మవలెను, లేదా మగ్గము దించవలెను. 2004లో వచ్చిన సిల్క్ మార్క్, 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్, ధర్మవరం చీరకు లభించిన భౌగోళిక గుర్తింపు ఈ వ్యాధికి ఔషధములు. సిల్క్ మార్క్ దారము పట్టు అని చెప్పును. హ్యాండ్‌లూమ్ మార్క్ నేత చేతిదని చెప్పును. ఈ భేదమును ఎరిగి రెండు ముద్రలను అడిగి కొనువారున్నపుడే ఆ ఔషధము పని చేయును.

పెనుకొండ: రాజధాని నుండి కర్మాగారము వరకు

1565 జనవరిలో తళ్లికోట యుద్ధము తరువాత విజయనగరము పాడుపడగా తిరుమలరాయలు పెనుకొండను రాజధానిగా చేసికొనెను. రాజధాని వచ్చిన చోటికి కొలువు వచ్చును. కొలువు వెంట జీతము, జీతము వెంట అంగడి వచ్చును. తరువాత రాజధాని చంద్రగిరికి తరలెను. ఒక ఊరి సంపద కోటగోడలలో గాక అచ్చట ఖర్చగు ధనములో ఉండునని పెనుకొండ ఏనాడో చూచినది.

మన కాలమున అట్టి మార్పే మరల వచ్చినది. పెనుకొండ సమీపమున ఎర్రమంచి వద్ద కియా సంస్థ కార్ల కర్మాగారమును నెలకొల్పుటకు 2017లో ఒప్పందము జరిగినది. 2019లో కార్లు వెలువడినవి. ఏటికి మూడు లక్షల కార్లు చేయగల సామర్థ్యముతో ఆ కర్మాగారము మొదలైనది. ఇది ఇచ్చటికే ఏల వచ్చెను? విశాలమైన భూమి, ప్రక్కనే జాతీయ రహదారి, దూరము కాని బెంగళూరు, గొల్లపల్లి రిజర్వాయరు నీరు: పరిశ్రమల స్థానీయతకు పుస్తకములు చెప్పు కారణములన్నియు ఆ రహదారిపై బస్సులో పోవుచు కిటికీలో నుండి చూడవచ్చును.

అట్టి చోట రహదారి ప్రక్కన టీ దుకాణము గది అద్దె పెరిగినదనుకొందము. "అద్దె పెరిగినది కనుక టీ ధర పెంచితిని" అని దుకాణదారుడనును. 1817లో రికార్డో చెప్పినది దీనికి విరుద్ధము. ధాన్యము ధర హెచ్చినందున భూమికి కౌలు హెచ్చును గాని, కౌలు హెచ్చినందున ధాన్యము ధర హెచ్చదని ఆయన సిద్ధాంతము. టీ త్రాగువారు పెరిగినందుననే ఆ గదికి విలువ వచ్చినది. ఆ విలువను గది యజమాని అద్దె రూపమున గ్రహించెను.

ఇచ్చటనే మరియొక ముఖ్యమైన భేదమును గుర్తింపవలెను. చెరువులోని నీరు నిల్వ; కాలువలోని నీరు ప్రవాహము. పొలము నిల్వ, దాని పంట ప్రవాహము. పొలము అమ్మగా వచ్చిన ధనము ఆదాయము కాదు, రూపము మారిన పొలము. దానిని ఆదాయమని భ్రమించి ఖర్చు చేసినచో చెరువు కట్టను తెంచి ఒక్క పంట పండించుకొన్నట్లగును. రహదారి పొడవున భూముల ధరలు పెరుగుచున్న మన ప్రాంతమున ఈ ఒక్క భేదమును విద్యార్థి తన ఇంట వివరింపగలిగినచో అతని చదువు సార్థకము.

కబాబు వాసన, చెరువు కట్ట

ముల్లా నస్రుద్దీన్ కథ యొకటి ప్రచారమున ఉన్నది. ఒక పేదవాడు కబాబు దుకాణము ఎదుట నిలిచి, ఆ వాసనతో తన వట్టి రొట్టె తినెను. దుకాణదారుడు వాసనకు వెల ఇమ్మని తగవునకు దిగెను. ముల్లా నాణెములను గలగలలాడించి, "వాసనకు వెల చప్పుడే, చెల్లినది, పొమ్ము" అని తీర్పు చెప్పెను. దుకాణదారుని చిక్కు ఏమి? వెల ఇయ్యనివానిని వాసన పీల్చకుండ ఆపలేడు. ఆపలేని దానిని అమ్మలేడు. ఒకడు పీల్చినంత మాత్రమున మరియొకనికి తగ్గదు. ఈ రెండు లక్షణములు గల వస్తువులను సామూహిక వస్తువులందురు. వీధి దీపము అట్టిది. వరద నుండి ఊరిని కాచు చెరువు కట్ట అట్టిది. అందరికి మేలు చేయునది, ఎవరును విడిగా వెల ఇయ్యనిది. "ప్రక్కవాడు మన్ను పోయును, నేనేల పోయవలె" అని ప్రతివాడును తలచినచో కట్ట తెగును.

రాయలసీమలో పూర్వము దశబంధమను పద్ధతి ఉండెను. చెరువును నిర్మించి కాపాడువారికి ఇనాము భూమి ఇచ్చెడివారు. అందరి పనికి ఒకరిని బాధ్యుని చేసి, ప్రతిఫలము ఏర్పరచుట అందలి కిటుకు. కట్టమంచి వారు విద్యార్థి దశలోనే రచించిన "ముసలమ్మ మరణము" అనంతపురము చెంతనున్న బుక్కరాయసముద్రము చెరువు కథ. కట్ట తెగనున్న వేళ ఊరి కొరకు ఒక కోడలు ప్రాణమర్పించిన గాథ అది. కవితగా అది కంట తడి పెట్టించును. అర్థశాస్త్రముగా చదివినచో, అందరు పంచుకొనవలసిన భారము తుదకు ఒక్కరిపై, అందును ఎదురు చెప్పలేని ఒక్కరిపై పడునని హెచ్చరించును.

ఇక చేయవలసినది

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడును 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. ఒక పూటలో చుట్టి రాదగిన ఈ మూడు ఊళ్లలో వ్యవసాయపు మార్కెట్టు, గృహపరిశ్రమ, మహాయంత్ర పరిశ్రమ మూడును ఉన్నవి. ఇంతకు మించిన ప్రయోగశాల అర్థశాస్త్ర శాఖకు లభింపదు. రసాయనశాస్త్ర విద్యార్థికి ప్రయోగశాల ఎంత అవసరమో మా విద్యార్థులకు సంవత్సరమునకొక మార్కెట్టు సందర్శనము అంత అవసరమని కళాశాల సంఘమువారు భావింతురు గాక యని కోరుచున్నాము.

సెలవులలో విద్యార్థులు ఈ క్రింది అభ్యాసములను చేసి, తెలుగున గాని ఉర్దూలో గాని వ్రాసి తేవలెను.

1. మీ ఇంటి వృత్తిలో ఒక వారము పనిచేసిన వారందరి గంటలను, జీతము లేనివారి గంటలతో సహా, వ్రాసి, వచ్చిన రాబడిని ఆ గంటలకు పంచుడు.

2. మీ ఇంట ఉన్న ఒక అప్పు వడ్డీని నూటికి నెలకు ఎంతయో అడిగి, సంవత్సరమునకు ఎంతయగునో లెక్కించి, బ్యాంకు వడ్డీతో పోల్చుడు. పేర్లు వ్రాయనక్కరలేదు.

3. ఒక పట్టుచీర కొనునపుడు అది చేనేతయని అంగడివాడు ఏ ఆధారమున చెప్పెనో వ్రాయుడు.

4. మీ వీధిలో అందరికి ఉపయోగపడుచు ఎవరును బాధ్యత వహింపని వస్తువు నొకదానిని గుర్తించి, దానిని కాపాడుటకు దశబంధము వంటి ఏర్పాటు నొకటి సూచింపుడు.

మొదటి అభ్యాసము చేయునపుడు తల్లిని తప్పక ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. ఆమె గంటలు ఆమెకే బాగుగా తెలియును.